సగం గీసిన గడ్డాల సభ

సెలూన్ బాబాయ్‌ని వీధి సంఘానికి అధ్యక్షుణ్ణి చేసింది అతని ప్రతిభ కాదు, మిగతావాళ్ల బద్ధకం. ఆ తలనొప్పి ఇంకెవరూ నెత్తికెత్తుకోలేదు. అయినా వీధంతా ఏరికోరి గద్దెనెక్కించినట్టు బాబాయ్ మీసం మెలేశాడు.

మొదటి సమావేశంలోనే చుక్కలు కనిపించాయి. వీధికి మంజూరైన ఒక్క కుళాయి ఎక్కడ పెట్టాలి? షావుకారు తన కొట్టు ముందన్నాడు, లెక్కల మాస్టారు తన గేటు ముందన్నారు. మాటామాటా పెరిగి ఇద్దరూ విసవిసా వెళ్లిపోయారు. వాళ్ల వెనకే అందరూ.

బాబాయ్ బుర్ర గోక్కున్నాడు. తన సెలూన్‌లోంచి సగం గడ్డంతో లేచిపోయిన మొనగాడు ఇంతవరకూ లేడు!

అంతే, తర్వాతి సమావేశం సెలూన్‌లో పెట్టాడు. గడ్డం ఉచితం అనేసరికి మగవాళ్లంతా పొలోమని వచ్చారు. అందరికీ కుడి చెంప గీసి, కత్తి మడిచి జేబులో వేసుకున్నాడు.

"ఎడమ చెంప తీర్మానం అయ్యాకే."

"ఇదెక్కడి అన్యాయమయ్యా! మధ్యాహ్నం మా బళ్లో ఇన్‌స్పెక్షన్!" మాస్టారు లబోదిబోమన్నారు.

"అయితే తొందరగా ఒప్పుకోండి మాస్టారూ."

కుళాయి వీధి చివర, సెలూన్ పక్కనే పెట్టాలని ఏకగ్రీవంగా తేలిపోయింది. ఎవరికీ నచ్చలేదు కాబట్టి అందరికీ న్యాయం జరిగినట్టే అనుకున్నారు. నీళ్లు మోసే ఆడవాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు. పాపం, వాళ్లకు గడ్డాల్లేవుగా.

ఇంటికెళ్లి పిన్ని దగ్గర గొప్పలు చెప్పుకుని, తిని, బాబాయ్ గుర్రుపెట్టాడు. లేచి అద్దం చూసుకుంటే ఎడమవైపు మీసం లేదు! కత్తి పిన్ని చేతిలో ఉంది. గుమ్మంలో వీధిలోని ఆడవాళ్లంతా బిందెలతో నిలబడ్డారు.

"ఏమిటే ఈ ఘోరం!"

"రెండోవైపు మా మాట అయ్యాకే. సెలూన్ తాళం కూడా నా దగ్గరే ఉంది, కూర్చోండి. ఆ చివరి నుంచి ఈ చివరికి బిందెలు మొయ్యాలా? నా నడుం విరిగిపోతోందని ఏడాదిగా మొత్తుకుంటున్నాను. ఒక్కసారైనా విన్నారా?"

మీసం కోసమే కూర్చున్నాడు బాబాయ్. వింటున్నకొద్దీ తల వంగిపోయింది. పిన్ని రోజూ చెబుతూనే ఉంది. తను కత్తి నూరుకుంటూ 'ఊఁ' కొట్టాడు, అంతే. నిజంగా సిగ్గేసింది.

తర్వాతి సమావేశానికి ఆడవాళ్లనూ పిలిచాడు; కుళాయి చోటు వీధి మధ్యకు మారింది. పిన్ని కత్తి తిరిగిచ్చేసినా, కుళాయిలో నీళ్లు పడేదాకా అతను సగం మీసంతోనే తిరిగాడు. సమావేశంలో తన మాటే నెగ్గిందనిపించినప్పుడల్లా మెలేయడానికి చెయ్యి లేచేది. అది బోసి వైపు తగలగానే ఆగిపోయి, బిందెల వాళ్లవైపు తిరిగేవాడు.

"వదినా, మీరేమంటారు?"