క్యోటో కొండవాలున రాతిపిల్లలు

ఎర్రగుంట్ల దగ్గర ఓ సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరు యేసుప్రసాద్. సొంతూరు కమలాపురం. మద్రాసు దాటి ఎరగని మనిషిని కొత్త మిషను పని నేర్చుకోమని కంపెనీవాళ్ళు మూడు వారాలకు జపాను పంపారు. అక్కడ మిషను తయారుచేసే చోట ఇంజనీరుగా ఉన్న కర్నూలు కల్లూరు మనిషి అరుణ్ కుమార్, ఆదివారం రూములో ఒక్కడే కూర్చుని ఏం చేస్తాడని, అతన్ని రైలెక్కించి క్యోటో చూపించడానికి తీసుకుపోయాడు.

పొద్దున పెద్ద పెద్ద గుళ్ళు, చెక్క ఇళ్ళ సందులు చూశారు. యేసుప్రసాద్ భార్య కృపారాణి కోసం ఫోటోలు తీసుకున్నాడు. మధ్యాహ్నానికి సన్న తుంపర మొదలైంది. జనం లేని చోటు ఒకటుందని అరుణ్ అతన్ని కొండవాలు మీది చిన్న గుడికి తీసుకుపోయాడు.

వెదురు తోపు దాటగానే యేసుప్రసాద్ కాళ్ళు ఆగిపోయాయి. కొండ మీదికంటా వరసలు వరసలుగా రాతిబొమ్మలు. అన్నీ చిన్నపిల్లలే. నున్నటి గుండు తలలు, మూసుకున్న కళ్ళు, మెడలో ఎర్రగుడ్డలు. కొందరికి ఉన్ని టోపీలు. వాళ్ళ కాళ్ళ దగ్గర గుచ్చిన కాగితపు గాలిపంకాలు, ఆకు కదలని ఆ పూట కూడా మెల్లగా తిరుగుతున్నాయి.

పుట్టకముందే పోయిన బిడ్డల కోసం తల్లిదండ్రులు వీటిని పెట్టుకుంటారని అరుణ్ చెప్పాడు. అంతలో ఫోను వస్తే మాట్లాడుతూ గేటు దగ్గరే ఉండిపోయాడు.

యేసుప్రసాద్ ఒక్కడే గులకరాళ్ళ బాట మీద నడిచాడు. ఆరేళ్ళ కిందట కృపారాణికి కాన్పులో చచ్చిన ఆడబిడ్డ పుట్టింది. ఆమెకు మత్తు వదలకముందే అతనే బిడ్డను టవల్లో చుట్టి తీసుకుపోయి పాపాఘ్ని నది ఒడ్డున, తుమ్మచెట్టు పక్కన పూడ్చాడు. తల్లి ఆ ముఖం చూడలేదు. ఎక్కడ పెట్టావని ఆమె అడగలేదు, అతనూ చెప్పలేదు. మళ్ళీ పిల్లలు కలగలేదు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు.

వెనక గులకరాళ్ళు కదిలాయి. బరువు లేని అడుగులు. అతను ఆగితే ఒక అడుగు ఎక్కువేసి అవీ ఆగాయి. తిరిగి చూస్తే ఎవరూ లేరు. లోలోపల ప్రార్థన చేసుకుంటూ నడిచాడు. అడుగులు మళ్ళీ వెంట వచ్చాయి.

బాట మలుపులో ఒక ముసలామె బొమ్మల మెడలో గుడ్డలు మారుస్తోంది. తలెత్తి అతన్ని చూసింది. తర్వాత అతని పక్కన, నడుముకంటే కిందికి చూసి, ముఖమంతా నవ్వుతూ ఏదో పలకరించింది. బుట్టలోంచి చిన్న ఉన్ని టోపీ తీసి, అతనికి కాదు, అతని పక్కనున్న ఖాళీకి అందించింది. కాసేపు చూసి, సిగ్గుపడే పిల్లను చూసి నవ్వినట్టు నవ్వి, టోపీని యేసుప్రసాద్ చేతిలో పెట్టింది. ఆమె మాటలు అర్థంగాక అతను నిలబడే ఉన్నాడు.

అరుణ్ వచ్చి ఆమెతో మాట్లాడాడు. అతని ముఖం పాలిపోయింది.

"ఏమంటాండాది?" అన్నాడు యేసుప్రసాద్.

"ఆయమ్మకు చూపు సరిగా లేదేమో అన్నా."

"ఏమనిందో అది చెప్పప్పా."

"పాపకు చలేస్తాండాది, చెయ్యి పట్టుకో అంటాంది."

గుడి మెట్ల మీద కూర్చుని యేసుప్రసాద్ ఇంటికి ఫోను చేశాడు. కృపారాణి కుట్టుమిషను మీద ఉంది. జరిగిందంతా చెప్పాడు, నది ఒడ్డున బిడ్డను పెట్టిన చోటూ చెప్పాడు. మిషను చప్పుడు ఎప్పుడు ఆగిందో అతను గమనించలేదు. ఆమె ఏడుస్తుందనుకున్నాడు. ఆమె ఏడవలేదు.

"ఎంత పొడుగుండాది?" అని అడిగింది.

"నాకు కనపడలేదు, కృపా."

"ఆయమ్మ టోపీ ఎంత ఎత్తున పట్టుకునిందో చెప్పు."

"నా నడుం కాడికి."

"ఆరేండ్ల పిల్ల అంతే ఉంటాది," అంది కృపారాణి. "ఆడ ఇడ్సిపెట్టి రావద్దు దాన్ని. దోవ తెలీదు దానికి."

దిగివచ్చేటప్పుడు అరుణ్ ముందు నడిచాడు, ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. యేసుప్రసాద్ ఎడమచేయి కిందికి చాచి, చిన్న అడుగులు వేస్తూ మెట్లు దిగాడు. అరచేయి చల్లబడింది. భయం వేసింది. అయినా చేయి తీసుకోలేదు.

ఊరికి వచ్చిన మొదటి ఆదివారం, చర్చి అయ్యాక భార్యాభర్తలు పాపాఘ్ని ఒడ్డుకు పోయారు. తుమ్మచెట్టు ఎప్పుడో వరదకు కొట్టుకుపోయింది. యేసుప్రసాద్ ఇసుకలో అటూ ఇటూ వెతుకుతుంటే, కృపారాణి అతన్ని అడక్కుండానే నేరుగా ఒక చోటికి నడిచిపోయి, కొంగు పరిచి కూర్చుంది.

"ఈడే," అంది. "పాపను నిస్సీ అని పిలుస్తాం."