దేవదానం మేట్ కేక

ఈ ఉదయం జహీరాబాద్ రైల్వే గేటు దగ్గర చెరకు ట్రాక్టరు ఒకటి బురదలో దిగబడింది. వెనక నుంచి పదిమంది తోస్తున్నా కదలడం లేదు. ఇంతలో వాళ్లలో ఒకడు గొంతెత్తి కేక వేశాడు. అందరూ ఒక్క ఊపున తోశారు, ట్రాక్టరు గట్టెక్కింది. జనం ఎవరి దారిన వాళ్లు పోయినా నేను అక్కడే నిలబడిపోయాను. దేవదానం మేట్ గుర్తొచ్చారు.

పట్టాలు సరిచేసే మా రైల్వే గ్యాంగుకు ఆయన పెద్ద, అంటే మేట్. రైలు పట్టా జరపాలంటే అందరూ గడ్డపారలు ఆనించి ఒకే క్షణంలో తొయ్యాలి. ఆ క్షణం ఏదో చెప్పేది మేట్ కేక. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేదీ ఆయనే. ఆ గొంతుకు మైకు దండగని పాస్టరుగారు దాన్ని పక్కన పెట్టించేవారు. నేను చేరిన మొదటి రోజు, ఆడమనిషి గడ్డపార పడుతుందా అని మిగతావాళ్లు గుసగుసలాడుతుంటే ఆయన, "చేతులు చూస్తరేంది? నా కేక ఇనే చెవులున్నయా లేవా, గది చూడున్రి," అన్నారు. ఆ మాటతో నాకు గ్యాంగులో చోటు దొరికింది.

కొన్నాళ్లకు మా పని కాంట్రాక్టుకిచ్చారు. ఒడిశా నుంచి కూలీలు దిగారు. ఇక మమ్మల్ని విడగొట్టి తలా ఒక దిక్కుకు పంపుతారని తెలిసింది. నాకు ఇంట్లో మంచం పట్టిన అత్త, బడికెళ్లే పిల్లలు. బదిలీ అయితే ఉద్యోగం వదులుకోవడమే. అందరం సెలవు పెట్టి, పని జరిగే చోటే పట్టాల పక్కన ధర్నాకు టెంటు వేశాం. నినాదాలిచ్చేది మేటే, ఇంకెవరు? "బయటోళ్లు" అని ఆయన, "వద్దు" అని మేము.

మర్నాటికే కొంప మునిగింది. ఒడిశా కూలీల్లో కేక వేసే మనిషి జ్వరంతో దవాఖానలో పడ్డాడు. అతను లేక ఎవరి తోపు వాళ్లదై పట్టా మొండికేసింది. సరిగ్గా అప్పుడే మా మేట్ నినాదం అందుకున్నారు. "బయటోళ్లు" అనగానే వాళ్లు గడ్డపారలు బిగించారు, "వద్దు" అనగానే తోశారు. పట్టా బుద్ధిగా జరిగింది. కాసేపటికి వాళ్లు కూడా మాతో కలిసి "బయటోళ్లు వద్దు" అని అరుస్తూ తోస్తున్నారు. మేం ఎంత కోపంగా అరిస్తే పని అంత జోరుగా సాగింది. కాంట్రాక్టరు మనిషి సంతోషం పట్టలేక మాకు చాయ్ పంపించాడు.

"మేట్, జర ఊకోండ్రి. మనం ధర్నా చేస్తున్నమా, వాళ్ల పని చేస్తున్నమా?" అన్నాను.

"ఊకుంట బిడ్డా," అని ఆయన నోరు మూసుకున్నారు. అవతల ఊపు తప్పి ఒకడి గడ్డపార జారింది, పక్కవాడి కాలికి దెబ్బ వెంట్రుకవాసిలో తప్పింది. మేట్ లేచి మళ్లీ "బయటోళ్లు" అని ఎత్తుకున్నారు. మావాళ్లు తలలు పట్టుకున్నారు.

అదే సమయానికి రైల్వే ఆఫీసరుగారు వచ్చారు. టెంటులోవాళ్లూ పనిలోవాళ్లూ ఒకే గొంతుతో బయటోళ్లు వద్దంటుంటే ఆయన ముఖం పాలిపోయింది. "కూలీలు కూడా మీతో కలిసిపోయారా?" అని అడిగారు. మాకు ప్రాణం లేచి వచ్చింది. అవునంటే చాలు, కాంట్రాక్టు ఆగిపోతుంది. ఇందాక చాయ్ పంపిన కాంట్రాక్టరు మనిషి మాత్రం, ఆ మాటకు కాంట్రాక్టు పోతుందని బెదిరి, ఈ కూలీలందరినీ సాయంత్రం బండికే పంపేస్తానని ఊగిపోతున్నాడు.

మేట్ చేతులు కట్టుకుని, "లేదు సార్. వాళ్లకు తెలుగే రాదు. తోసెటందుకు కేక కావాలె, నేనిచ్చిన. వాళ్లనేమనకున్రి," అన్నారు.

నాకు ఒళ్లు మండింది. "మీ నోటితోనే మా పొట్ట కొట్టిన్రు," అన్నాను.

"కొట్లాట కాంట్రాక్టుతోని బిడ్డా, వాళ్ల కాళ్లతోని కాదు."

చివరికి చర్చలై గ్యాంగు నిలిచింది. కానీ గొడవకు ఎవరో ఒకరు దొరకాలి కదా, మేట్‌ను దూరపు సెక్షనుకు మార్చారు. నినాదాలెందుకిచ్చావని ఆఫీసు, పనికి కేక ఎందుకిచ్చావని మా కార్మిక సంఘం, ఇద్దరూ సంజాయిషీ అడిగారు. ఇద్దరికీ ఆయన నాతో ఒకటే జవాబు రాయించారు: "నా గొంతు అసొంటిది."

ఆయన వెళ్లే రోజు ఒడిశా కూలీలు కూడా స్టేషనుకు వచ్చారు. వాళ్లకు వచ్చిన తెలుగంతా ఆయన దగ్గర పట్టుకున్నదే. బండి కదలగానే చేతులు జోడించి, ఎంతో ప్రేమగా, "బయటోళ్లు వద్దు" అని వీడ్కోలు చెప్పారు. ప్లాట్‌ఫారం మీద అందరూ నవ్వారు. నాకు ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు మా గ్యాంగుకు నేనే మేట్‌ని. కాంట్రాక్టు కూలీలు ఇంకా వస్తూనే ఉన్నారు. వద్దని ఆఫీసులో కొట్లాడి వస్తాను. వచ్చాక, పట్టాల దగ్గర, మీలో కేక వేసేదెవరని వాళ్లను అడుగుతాను. ఎవరూ లేరంటే నేనే వేస్తాను.