పటికబెల్లం డబ్బా

ఇన్సులిన్ సూది వేసుకునే ముందు దూదికి స్పిరిటు అద్దగానే, ఆ వాసనకు మెట్టుగూడలో మా పక్కింటి జైనబ్ ఖాలా గుర్తొస్తుంది. ఆమె కూడా రోజూ సూది వేసుకునేది. గూట్లో చిన్న డబ్బా నిండా పటికబెల్లం ఉంచుకునేది.

“అది నా మందు, ముట్టకు బేటా” అనేది.

తియ్యటిది మందెలా అవుతుంది, పిల్లలకు పెట్టకుండా దాచుకునే మాటే అనుకున్నాను. రోజుకో ముక్క తీసుకుని డబ్బా ఖాళీ చేశాను.

నలభై ఎనిమిదిలో నిజాం మీద పోలీసు యాక్షన్ వచ్చి దుకాణాలు మూసేశారు. ఒక పొద్దున ఖాలా సూది వేసుకుంది గానీ, ఇంట్లో తినడానికేమీ లేక పిండి కోసం వెళ్లిన భర్త ఎంతకీ రాలేదు. అమ్మా నేనూ చూడబోయేసరికి మంచం మీద చెమటలు పట్టి వణుకుతోంది.

“భయపడకు అక్కా, అన్న వస్తడు” అంది అమ్మ.

ఖాలా మాట రాక గూటివైపు చెయ్యి చూపింది. అమ్మ డబ్బా మూత తీసింది.

“ఇండ్ల ఏముండెరా?”

“నాకు తెల్వదు.”

చివరికి ఖాలాయే “చక్కెర” అని గొణిగింది. అమ్మ పరుగున వెళ్లి బెల్లం నీళ్లు తెచ్చి తాగించింది. కాసేపటికి తేరుకుని ఖాలా నావైపు చూసింది.

“ఎలుకలు తిన్నయేమోలే, చెల్లె.”

అది భయమనుకున్న అమ్మ పూర్తిగా పొరబడలేదని పెద్దయ్యాక తెలిసింది. రక్తంలో చక్కెర పడిపోయినా, భయమేసినా, ఒంటికి కబురందించే హార్మోను ఒకటేనట. ఆ వణుకు దానిదే. ఆ పొద్దున నా చేతులూ వణికాయి, దొరికిపోతానని.

ఖాలా చాలా ఏళ్లు మా పక్కింట్లోనే ఉంది. ఆ ఎలుక నేనేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు.