మగ్గం గుంటలో బీడీ వాసన

మా బావ మగ్గం వదిలి వెళ్ళిపోయిన రోజు, తప్పు ఆయనదేనని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాను. ఆ తర్వాత ఏడాదికి అసలు సంగతి తెలిసింది. దాన్ని మాత్రం చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. బావ ఆమెకు సొంత అన్న.

పందొమ్మిది వందల యాభైల చివర్లో ధర్మవరంలో మాది గుంట మగ్గం. నేను గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని నేసేవాణ్ణి. బావ నా పక్కన కూర్చుని, అడ్డపోగు పట్టే నాడెను అంచులో విసిరేవాడు. పెద్దంచు చీరకు ఇద్దరు ఉండాల్సిందే. మీసాలు రాకముందు నుంచీ ఇద్దరం బీడీలు తాగేవాళ్ళం. పట్టు దగ్గర నిప్పు కూడదు కాబట్టి వాకిట్లోకి పోయి తాగి వచ్చేవాళ్ళం. ఒక చలికాలం నాకు దగ్గు పట్టుకుని వదల్లేదు. డాక్టరు బీడీ మానాల్సిందే అన్నాడు. ఇంటికొచ్చి చెబితే బావ నవ్వాడు.

"నువ్వొక్కడివే ఇడిసేదానికి అయితాదా? నేను ఎదురుగా పొగ ఊదుతాంటే నీ పానం ఊరుకుంటాదా? నేనూ ఇడుస్తాండా పో."

ఆయనకు దగ్గూ లేదు, జబ్బూ లేదు. నాకు తోడుగా మానాడు.

మొదట్లో నా చెయ్యే నా మాట వినలేదు. నాడె ఆగితే చాలు, వేళ్ళు చెవి మీదికి పోయి బీడీ కోసం తడుముకునేవి. అన్నం తిన్నాక ఏం చేయాలో తోచేది కాదు. అంతకుముందు ఆ విరామం ఒక బీడీ కాలేంతసేపే. ఇప్పుడు ఎంతకీ తరిగేది కాదు. పడుగు అయిపోయి కొత్త పడుగు వచ్చేదాకా ఖాళీగా కూర్చునే దినాలు మరీ నరకం. గోడ మీద బల్లిని చూస్తూ, ఇంట్లోవాళ్ళ మీద ఊరికే విసుక్కునేవాణ్ణి. నా భార్య వేయించిన చింతగింజలు ఇచ్చేది. ఒకటి బుగ్గన పెట్టుకుని నానబెడుతూ పూట గడిపేవాణ్ణి. బావ లవంగం నమిలేవాడు.

ఎండాకాలం వచ్చేసరికి నా ముక్కుకు ప్రాణం వచ్చింది. పక్కింటి తిరగమాత కూడా తెలిసేది. అప్పుడే అనుమానం మొదలైంది.

మా సీమ ఎండకు పట్టు పోగులు పెళుసెక్కి తెగుతాయి. అందుకని మధ్యాహ్నం గుంట గోడలకు నీళ్ళు చల్లుతాం. ఆ చెమ్మకు పోగు నిలుస్తుంది. ఆ పని బావది. బయటికి పోయి, తొట్టిలో చెంబు ముంచుకొచ్చి, చల్లి కూర్చునేవాడు. ఆయన కూర్చున్న కాసేపటికి నాకు బీడీ వాసన తగిలేది. పొద్దున ఉండదు. ఆయన బయటికి పోయి రాగానే వస్తుంది.

చెంబు నీళ్ళకు అంతసేపు ఎందుకు? నోరు పుక్కిలించుకుని రావడం ఎందుకు? ఆ లవంగం ఎందుకు? ఆయన లేనప్పుడు తువ్వాలు తీసి వాసన చూశాను. ఏమీ లేదు. ఉతికేశాడనుకున్నాను. పెరటి గోడ వెనక వెతికితే ఒక్క పీక కూడా దొరకలేదు. ఎంత జాగ్రత్తపరుడో అనుకున్నాను. నేను చింతగింజలు కొరుక్కుంటూ చస్తుంటే ఈయన మాత్రం హాయిగా తాగుతున్నాడని నా కడుపు మండిపోయేది.

ఒక మధ్యాహ్నం, మాకు పట్టు ఇచ్చే షావుకారు నేత చూడటానికి వచ్చాడు. వెంట ఇంకో ఇద్దరు నేతగాళ్ళు. బావ అప్పుడే నీళ్ళు చల్లాడు.

"ఈడ బీడీ వాసన వస్తాండాదే! ఎవురప్పా తాగింది?" అన్నాడు షావుకారు.

"నేను ఎప్పుడో ఇడిసినా. మా బావనడుగు. దినామూ ఈ యాళకే బయటికి పోయొస్తాడు" అన్నాను.

"నేను తాగల్యా" అన్నాడు బావ.

"మరి ఆ లవంగాలేందప్పా, కొత్త పెండ్లికొడుకు మాదిరి?" అన్నాడు ఒక నేతగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

బావ నా వైపు తిరిగాడు. "వాసన నాకూ వస్తాండాది బావా. నువ్వేమో అనుకుంటి. అయినా నిన్ను అడగల్యా."

అది కూడా నాకు దొంగమాటలాగే వినిపించింది.

"పట్టుకాడ నిప్పు ముట్టించేవానికి నా పట్టు ఈను" అన్నాడు షావుకారు. బావ చెంబు గడప పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. మాట ఊరంతా పాకింది. ఆయనకు ఎవరూ పని ఇవ్వలేదు. గోరంట్ల దగ్గర రోడ్డు పనికి కంకర కొట్టడానికి పోయాడు.

ఆయన చోట నా భార్య కూర్చుంది. మళ్ళీ ఎండాకాలం వచ్చింది. ఒకరోజు ఆమె నీళ్ళు చల్లి, ముక్కు ఎగబీల్చింది.

"ఏమయ్యా, మళ్ళా మొదలుపెడితివా?"

లేదన్నాను. ఆమె నమ్మలేదు. ఆమె వంటింట్లోకి పోయాక గుంటలోకి దిగాను. తడిసిన గోడ దగ్గర వాసన గుప్పున కొట్టింది. మట్టి మెత్త గోకితే, నెర్రెల్లోంచి నల్లబడిన బీడీ పీకలు రాలాయి. అన్నీ నావే. సగం తాగిన బీడీని ఆర్పి, తర్వాతికి ఉంటుందని గుంట గోడ నెర్రెలో దోపడం నాకు అలవాటు. మరిచిపోయినవి అక్కడే ఉండిపోయాయి. పండగలకు వాటి మీదే మట్టి మెత్తేవాళ్ళు. నీళ్ళు పడ్డప్పుడల్లా వాసన లేచేది. తాగే రోజుల్లో నా ముక్కుకు అది తెలిసేదే కాదు.

పీకలన్నీ తువ్వాల్లో మూటగట్టి దిబ్బలో పారేశాను. అన్నం పెడుతూ ఆమె మళ్ళీ అడిగింది. "ఒకటి తాగినాలే" అన్నాను. తాగింది అబద్ధం. కానీ ఆమె అన్న మీద నింద వేశానని ఒప్పుకోవడం కన్నా మళ్ళీ బీడీ తాగాడన్న పేరే తేలిక అనిపించింది.

"మాయన్ననంటివే, నువ్వేం తక్కువ?" అందామె.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆమె నా తువ్వాలు వాసన చూసేది. నేను చూస్తూ ఊరుకునేవాణ్ణి.

చివరికి ఒకసారి గోరంట్ల నుంచి వచ్చిన చుట్టం ఒకడు, "మీ బావకు దగ్గు జాస్తిగా ఉండాది. దొంగతనంగా బీడీలు తాగి తాగి వచ్చిందంటాండారు" అన్నాడు. అది కంకర దుమ్ము దగ్గు. నా మాట మాత్రం అంత దూరం ఆయన వెంట పోయింది.

ఆ పూటే ముందు నా భార్యకు జరిగింది చెప్పాను. ఆమె లేచి అన్నకు జొన్నరొట్టెలు చేసి మూట కట్టింది. షావుకారు అరుగు మీద, ఆనాడు నవ్వినవాళ్ళను పిలిపించి చెప్పాను. అక్కడి నుంచే బస్సెక్కాను.

బావ రోడ్డు పక్కన కంకర కుప్ప దగ్గర కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి సుత్తి కింద పెట్టాడు. చుట్టూ కూలీలు ఉన్నారు. వాళ్ళకూ వినపడేలా చెప్పాను.

"బావా, ఆ వాసన నాదే. గుంట గోడలో నేను దోపిన పీకలవి. నువ్వు ఒక్కటి కూడా తాగల్యా. తెలిసి కూడా ఇన్నేండ్లు నోరు మూసుకుంటి. తప్పు నాది. నన్ను మన్నించు బావా."