పేర్లు చదివిన వేసవి

రెండు వారాల కిందట ఆదివారం ఆరాధన అయిపోయాక, రాజమండ్రిలో నేను వెళ్ళే చర్చి కుర్రాళ్ళు గేటు దగ్గర బల్ల వేసి, పనుల్లేక పస్తులుంటున్నవాళ్ళకి భోజనం పొట్లాలు పంచారు. మంచి పనే, కాదనను. కానీ పొట్లం చేతిలో పెట్టే ముందు ఒక్కొక్కరినీ బ్యానరు ముందు నిలబెట్టి ఫొటో తీస్తున్నారు. ఇంచుమించు నా వయసే ఉన్న ఒకావిడ తన వంతు వచ్చేసరికి కొంగు మొహం మీదకి లాక్కుంది. "కొంచెం ఇటు చూడండమ్మా, గ్రూపులో పెట్టాలి" అన్నాడు ఒకడు. ఆవిడ చూసింది, ఫొటో తీయించుకుంది, పొట్లాన్ని ప్రహరీ గోడ మీద పెట్టేసి వెళ్ళిపోయింది. ఈ మోకాళ్ళతో నేను గేటు దాకా వెళ్ళేసరికి సందు మలుపు తిరిగిపోయింది. కుర్రాళ్ళని నాలుగు మాటలన్నాను గానీ ఇంటికొచ్చాక అవన్నీ నాకే తగిలాయి, ఎందుకంటే ఆ తప్పు వాళ్ళకంటే ముందు చేసినదాన్ని నేనే.

పెళ్ళయి రామచంద్రపురం దగ్గరి పల్లెకి కాపురానికి వచ్చిన కొత్తలో, మా సంఘంలో ప్రతి ఇంటా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి విడిగా ముంతలో వేసేవాళ్ళం. అలా వారమంతా కూడిన బియ్యం ఆదివారం చర్చికి తెచ్చి బుట్టలో పోస్తే, స్త్రీల సమాజం వాళ్ళు తిండికి లేనివాళ్ళకి ఇచ్చేవారు. మీలో చాలామంది ఇళ్ళల్లోనూ ఆ ముంత ఉండే ఉంటుంది. సమాజానికి పెద్ద మా అత్తగారు. పదో తరగతి చదివిన కోడల్ని కాబట్టి కార్యదర్శి పదవి నాకు దక్కింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, బుట్ట నిండటం లేదని బెంగపెట్టుకుని నేనొక ఉపాయం కనిపెట్టాను: బియ్యం తెచ్చినవారి పేర్లు ఆరాధన చివర పైకి చదవడం. బుట్ట పొంగింది. దాంతో ఆగానా, తేనివారి పేర్లు కూడా చదవడం మొదలుపెట్టాను. ప్రభువు చాటుగా ఇమ్మన్నాడు గానీ ఊరంతా దండోరా వెయ్యమనలేదని అత్తగారు ఒకటి రెండుసార్లు అన్నారు, నేను వింటేగా.

కోతలైపోయి కాలువలు కట్టేశారంటే, మళ్ళీ నీళ్ళు వదిలి నాట్లు పడేదాకా కూలి దొరికేది కాదు. చుట్టూ ధాన్యం పండే సీమలోనే పొయ్యి వెలగని ఇళ్ళుండేవంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. కాలువగట్టు మీద పాకలో ఇద్దరు ఆడపిల్లలతో ఉండే ఒకావిడ మావారికి వరసకి పిన్ని, నేనూ పిన్నిగారూ అనే పిలిచేదాన్ని. భర్త పోయాక నాట్లకీ కోతలకీ వెళ్ళి పిల్లల్ని సాకుతుండేది. పస్తున్నా ఎవరినీ అడిగే మనిషి కాదు, తెచ్చినవారిలో ఏ వారమూ ఆమె పేరు తప్పేది కాదు. ఆ వేసవిలో మాత్రం ఒక ఆదివారం వట్టి చేతులతో వచ్చింది. నేను గొంతు సవరించుకుని తేనివారిలో ఆమె పేరు చదివాను. తల దించుకుంది. అది చూసి కూడా తర్వాతి పేరుకి వెళ్ళిపోయాను.

మరుసటి ఆదివారం పిన్నిగారు అందరికంటే ముందే వచ్చి, ముంతని బుట్టలో బోర్లించి, "ఈ వారం తెచ్చానమ్మాయ్, నా పేరు రాసుకో" అంది. నా ఉపాయం పనిచేసిందని ఎంత మురిసిపోయానో! అందరం మోకరించి ప్రార్థన చేస్తుండగా ధబ్బుమని చప్పుడైంది. పిన్నిగారి చిన్నకూతురు, ఆరేళ్ళది, పక్కకి ఒరిగి పడిపోయి కళ్ళు తేలేసింది. వడదెబ్బని ఒకరు, మూర్ఛని ఒకరు అంటున్నారు. అత్తగారు మాత్రం ఆ పిల్ల పొట్ట మీద చెయ్యివేసి చూసి, "ఎప్పుడు తిందే ఇది?" అని తల్లిని అడిగారు. పెద్దపిల్ల చెప్పింది, శుక్రవారం పొద్దున్న గంజి తాగారట. మిగిలిన నాలుగు గుప్పిళ్ళూ అమ్మ ముంతలో పోసేసిందట, మళ్ళీ తేనివాళ్ళలో పేరు చదివేస్తారని.

పేర్ల కాగితం ఇంకా నా చేతిలోనే ఉంది. మావారు డాక్టరుగారి కోసం సైకిలు మీద రామచంద్రపురం పరుగెత్తారు. అత్తగారు ఆ బుట్టలో బియ్యమే తీయించి చర్చి వెనక మూడు రాళ్ళు పెట్టి గంజి కాయించారు గానీ, పిల్లకి స్పృహ వచ్చేదాకా నోట్లో ఏదీ పొయ్యొద్దన్నారు. తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ, విసురుతూ కూర్చున్నాం. గంజి దిగింది, చల్లారింది, మీద తొరక కూడా కట్టింది, పిల్ల కళ్ళు తెరవలేదు. ఇది పోతే చంపింది నేనే అన్న భయం తప్ప మనసులో ఇంకేమీ లేదు. పిన్నిగారు నన్ను పల్లెత్తు మాటనలేదు, అని ఉంటే బాగుండేది. చాలాసేపటికి ఆ పిల్ల పెదాలు కదిలించి, కళ్ళు విప్పి తల్లిని వెతుక్కుంది. అత్తగారు చెంచాతో ఒక్కొక్క చుక్కే పోశారు. రెండో చెంచాకి మింగింది. మూడో చెంచా రాకముందే అత్తగారి చెయ్యి పట్టుకుంది. అప్పుడు ఏడ్చాను.

మావారు డాక్టరుగారిని తీసుకొచ్చేసరికి పిల్ల లేచి కూర్చుంది. తర్వాతి ఆదివారానికి అత్తగారు బుట్టని పక్కగదిలో పెట్టించి గుమ్మానికి పాత దుప్పటి కట్టారు. ఇంటికొకరు మూతి కట్టిన సంచితో ఒంటరిగా లోపలికి వెళ్ళి, మూతి కట్టిన సంచితోనే బయటికి రావాలి. లేనివాళ్ళు కావలసినంత నింపుకుంటే, ఉన్నవాళ్ళు బియ్యం పోసేసి, సంచిలో పాతగుడ్డలు కుక్కుకుని బరువు మోస్తున్నట్టు వచ్చేవారు, మా అత్తగారైతే ఆయాసం కూడా నటించేవారు. పోసిందెవరో తీసుకున్నదెవరో దేవుడికే తెలియాలి. దోచుకుపోతారని భయపడ్డారు కొందరు, బుట్ట ఒక్క వారం కూడా అడుగంటలేదు. గోదావరికి పెద్ద వరదొచ్చిన ఏడు ఆ బియ్యమే పడవకెత్తి ఏటి మధ్య లంకలవాళ్ళకి పంపాం, ఏ దేవుడికి మొక్కుతారని అడక్కుండా.

ఇప్పుడు కుక్కర్లో గ్లాసుతో కొలిచి పోసుకుంటున్నాం, పిడికెడు తీసే చెయ్యి ఏది? ఇచ్చేవాళ్ళు తగ్గలేదు, ఇచ్చినట్టు కనిపించాలనే తొందరే పెరిగింది. అయినా మా కుర్రాళ్ళు మంచివాళ్ళు, ఈ కథంతా చెబితే బ్యానరు తీసేసి, పోయిన ఆదివారం గదికి తెర కట్టి పొట్లాలు లోపల పెట్టారు. నేను గేటుకి ఎదురుగా కుర్చీ వేయించుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. చాలామంది వచ్చారు, ఆవిడ రాలేదు. ఆవిడ పేరు ఎవరికీ తెలియదు. ఫొటో ఫోనులోనే ఉందండీ, చూపించి వాకబు చేద్దామా అన్నాడు కుర్రాడు. ఆశ పుట్టింది. కానీ ఆ ఫొటో పట్టుకుని ఇల్లిల్లూ తిరగడమంటే మళ్ళీ పేరు చదవడమే కదా. చెరిపేయమన్నాను. వచ్చే ఆదివారం కూడా గేటుకి ఎదురుగానే కూర్చుంటాను.