హేజ్ చూసే మా బావ

మా బావ ఉద్యోగం చూడటం. వింటే హాస్యంగా ఉంటుంది గానీ నిజంగా అంతే. చిన్న విమానాశ్రయం డాబా మీద నిలబడి, దూరం ఎంతవరకు కనిపిస్తోందో చూసి, కింద రేడియో దగ్గర కూర్చున్న నాకు ఫోన్లో చెప్పాలి. నేను దాన్ని పైలట్లకు చెబుతాను. ఆయన చూడటం, నేను వాగడం. ఇంట్లోనూ ఇదే ఏర్పాటని మా అక్క అంటుంది.

చూడటానికి ఒక పద్ధతి ఉంది. దగ్గర్లో నీళ్ల ట్యాంకు, దాని వెనక ఇటుకల ఫ్యాక్టరీ పొగ గొట్టం, అన్నిటికంటే వెనక కొండ. ఏది ఎంత దూరమో ముందే కొలిచి పెట్టారు. కొండ కనిపిస్తే ఒక మాట, గొట్టం దగ్గరే చూపు ఆగిపోతే ఇంకో మాట. ఆ మాటలన్నిటిలో బావకు ప్రాణం హేజ్.

"ఫాగ్ అంటే నీళ్లురా. మిస్ట్ అన్నా నీళ్లే, కాస్త పల్చన. హేజ్ అలా కాదు, పొడిది. కంటికి ఆనని సన్నటి దుమ్ము గాల్లో తేలుతూ ఉంటుంది. చేత్తో తడిమితే ఏమీ ఉండదు, చూస్తే కొండ ఉండదు" అనేవాడు నేను చేరిన కొత్తలో. నేను మూడింటినీ కలిపి మంచు అనేసేవాణ్ణి. ఆయనకు ఒళ్లు మండేది.

హేజ్ పట్టిన ఉదయాల్లో డాబా ఎక్కితే నాకూ దిగబుద్ధయ్యేది కాదు. కొండ అడుగు కరిగిపోయి, పైభాగం ఒక్కటే ఏ ఆధారమూ లేకుండా ఆకాశంలో నిలిచేది. గొట్టం నిజంగా ఉందో, ఉందని మనమే అనుకుంటున్నామో తెలిసేది కాదు. రన్‌వే వెంట అలా నడిచిపోతే మెల్లగా మనమూ అందులో కలిసిపోతామేమో అనిపించేది. బావ రెయిలింగ్ పట్టుకుని, మంచి కల వస్తున్నవాడిలా తనలో తాను నవ్వుకునేవాడు. ఆ మనిషి నాకు అప్పుడే ఎక్కువ నచ్చేవాడు.

ఆ మాటను ఇంటికీ పట్టుకొచ్చాడు. ఎవరిదైనా పెళ్లికి వెళదామా అంటే "కాస్త హేజ్‌గా ఉంది" అంటాడు, అంటే వెళ్లడని అర్థం. చిన్నప్పటి సంగతులు అడిగితే "అంతా హేజ్." కోపంగా ఉన్నావా అంటే "ఫాగ్ కాదులే, హేజే." అంటే సాయంత్రానికి సర్దుకుంటుందన్నమాట. అక్కకు ఈ భాష పట్టుబడటానికి చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు వాళ్ల పిల్లకు లెక్కలు ఎలా వస్తున్నాయని అడిగితే ఆమే హేజ్ అంటుంది.

ఈమధ్య అక్క నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించింది.

"ఒరే, మీ బావకి చూపు ఆనట్లేదురా. టీ కప్పులో పొయ్యబోయి బల్ల మీద పోస్తున్నారు. డాక్టర్ దగ్గరికి పదమంటే రారు. ఆఫీసులో తెలిస్తే ఇక డాబా ఎక్కనివ్వరట. ఆ ఒక్కటీ లేకపోతే తను బతకలేనంటున్నారు. నువ్వు మాత్రం ఎక్కడా నోరు జారకు."

నేను నోరు జారలేదు. కానీ ఆ వారమంతా పైనుంచి ఒకటే కబురు, హేజ్. ఆ మాట వినగానే పొద్దున వచ్చే చిన్న విమానం దిగకుండా పక్క ఊరికి వెళ్లిపోయేది. చివరికి ఒకరోజు పైలట్ మొండికేశాడు.

"ఏం హేజ్ అండీ? మీ డాబా మీద ఆరేసిన తువ్వాలు కూడా నాకు కనపడుతోంది" అన్నాడు రేడియోలో.

కాసేపు పైనే తిరుగుతూ ఉండమని చెప్పి మెట్లెక్కాను.

గాలి కడిగినట్టు ఉంది. కొండ మీది చెట్లు విడివిడిగా కనిపిస్తున్నాయి. బావ రెయిలింగ్ పట్టుకుని ఎప్పటి నవ్వే నవ్వుతున్నాడు.

"చూశావట్రా, ఎంత బాగుందో. గొట్టం సగమే ఉంది."

అవును బావా అని ఒక్క మాట అనేసి దిగిపోతే, ఆయన డాబా ఆయనకు ఉండేది. అనాలనే ఉంది. విమానం చప్పుడు మా తలల మీద గుండ్రంగా తిరుగుతోంది.

ఆయన నవ్వు ఆపి నా వైపు తిరిగాడు.

"నీకు కొండ కనపడుతోందా?"



"కనపడుతోంది బావా."

"గొట్టం?"

"దానికి వేసిన నిచ్చెన కూడా."

ఆయన కళ్లు నులుముకుని మళ్లీ అటే చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఫోన్ తీశాడు. కింద నా కుర్చీ దగ్గరికి మా ఆఫీసరు వచ్చినట్టున్నారు, ఆయనే ఎత్తారు.

"సార్, హేజ్ లేదు. కొండ దాకా కనపడుతోంది, విమానాన్ని దిగనివ్వండి" అన్నాడు బావ. ఫోన్ పెట్టబోయి ఆగాడు. "చూసింది నేను కాదు సార్. నాకు కనపడటం లేదు."