ఆరిపోని హీటరు

కువైట్‌లో చలేమిటని స్వెట్టర్ కూడా పట్టుకెళ్లలేదు. జనవరిలో అక్కడి ఎగైలా పేటలో మా బావగారింట్లో రెండు దుప్పట్లు కప్పుకున్నా వణుకు తగ్గక, హీటరు కొందామని మాల్‌కి వెళ్లాను. ఫోన్లో నా తెలుగు విని, చంటిపాప బండి తోసుకొస్తున్న ఒకామె ఆగింది. రాయచోటి మనిషి, కువైటీల ఇంట్లో పని. ‘మామా’ అని పిలిచే యజమానురాలు పక్క షాపులో ఉందట.

“అన్నా, వీటిల్లో ఆరిపోనిది యాది?” అంది హీటర్లకేసి చూపిస్తూ.

“మంచివన్నీ ఆరిపోతాయమ్మా. గది వెచ్చబడగానే దానంతటదే ఆగుతుంది, చల్లబడితే మళ్లీ వెలుగుతుంది. కరెంటు ఆదా కదా!” అన్నాను, నాకేదో పెద్ద తెలిసినట్టు.

“దానంతటదే వెలుగుతాదా?”

“ఆ.”

ఆమె బండిని పక్కకి జరిపి, ఒక హీటరు మీట తిప్పి చూసింది.

“మా రూములో ఏసీ మామా తన రూములోంచే ఆపుతాది. హీటరు ఆరిపోతే అదీ ఆమే ఆపిందనుకున్యాం. అడిగేదానికి భయం. ఒక రాత్రి నేను పాప కాడ పండుకున్యా. నా జత ఉండే రమణమ్మ, మామా చుట్టాలు బయట చలి కాచుకోంగా మిగిలిన బొగ్గుల కుంపటి రూములోకి తెచ్చుకొని, తలుపేసుకొని పండుకునింది. ఆ పొగకే పానం పోయింది.”

బండిలో పాప కదిలితే దుప్పటి సర్ది, ఆమె మళ్లీ అందుకుంది.

“తెల్లారి నేను తలుపు తీసేతలికి కుంపట్లో బూడిదే ఉంది. హీటరు మాత్రం వెలుగుతా ఉన్నింది. మనిషి పోయినంక మామాకు జాలి పుట్టి మళ్లా ఏసింది అనుకున్యా అన్నా.”